ఆకాశం చూడలేని తల్లికి ఆకాశాలు ఏం చెబుతాయి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయాన్ని నాలుగు వైపుల నుంచి అడిగాయి. కొండలో, నీటిలో, పువ్వులో, చెట్టులో క్రైస్తవ విశ్వాసి దేవుని జాడ వెతకవచ్చునా, వెతికితే ఎలా వెతకాలి అన్నదే ఆ విషయం. నాలుగూ మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చినవే. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు. రెండవ ఉత్తరం చదివాక రెండు రోజులపాటు జవాబు రాయడానికి కూర్చోలేకపోయాను. అందుకే దానికి ఎక్కువ చోటు ఇచ్చాను, మిగిలినవారు మన్నించాలి.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. క్రైస్తవ కుటుంబంలోనే పుట్టి పెరిగాను. మొన్న వానాకాలం చివర్లో బంధువులతో కలిసి నల్లమలలోని మల్లెలతీర్థం వెళ్లాను. మెట్లన్నీ దిగి, పైనుంచి పడుతున్న నీళ్లకు ఎదురుగా నిలబడగానే తెలియకుండానే ఏడుపు వచ్చింది, ఆ వెంటనే ప్రార్థన వచ్చింది. మందిరంలో ఎన్నడూ అంత నెమ్మదిగా ప్రార్థించలేదు. ఈ సంగతి మా సంఘ పెద్ద ఒకాయనకు చెబితే, అది ప్రకృతి పూజ అనీ, చెట్టుకూ పుట్టకూ మొక్కే దారికి అదే మొదటి మెట్టు అనీ హెచ్చరించారు. అప్పటి నుంచి మనసులో భయం పట్టుకుంది. నేను చేసింది తప్పా?

జవాబు: అమ్మా, మీరు చేసింది తప్పు కాదు. ముందు ఆ మాట చెప్పి, తరువాత మీ సంఘ పెద్దగారి భయాన్ని గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మన తాతముత్తాతల్లో చాలామంది పోచమ్మకు బోనం ఎత్తినవారు, వేపచెట్టుకు పసుపు రాసినవారు, ఆ తరువాత ఒకనాడు క్రీస్తును నమ్ముకుని ఆ వాకిలి దాటి వచ్చినవారు. వారికి చెట్టు అంటే నీడనిచ్చే చెట్టు ఒక్కటే కాదు, విడిచి వచ్చిన ఇల్లు కూడా. అటు తిరిగి చూస్తే కాలు వెనక్కి పడుతుందేమోనన్న జాగ్రత్తతో వారు తమకు తాము ఒక కట్టడ పెట్టుకున్నారు. ఆ కట్టడ వెనుక ఎన్ని ఊరి వెలివేతలు, ఎన్ని ఇంటి కలహాలు ఉన్నాయో తెలిసినవాణ్ణి గనుక దాన్ని తేలికగా తీసిపారేయలేను.

అయితే రోమా పత్రిక మొదటి అధ్యాయం తెరవండి. అక్కడ 25వ వచనంలో, మనుషులు ‘సృష్టికర్తకు ప్రతిగా సృష్టమును పూజించి’ సేవించారని పౌలు నొచ్చుకుంటాడు. మీ పెద్దగారికి గుర్తున్న వచనం అది. దానికి అయిదు వచనాల ముందే, దేవుని నిత్యశక్తియు దేవత్వమును ‘సృష్టింపబడిన వస్తువులను ఆలోచించుటవలన’ తేటపడుతున్నాయని అదే పౌలు అంటాడు. 25వ వచనానికి భయపడి 20వ వచనాన్ని మూసివేయడం వాక్యానికి విధేయత అనిపించుకోదు. సృష్టిని ఆలోచించమన్నాడు, పూజించవద్దన్నాడు. మీరు నీటికి మొక్కలేదు, నీటి ముందు నిలబడి నీటిని చేసినవానికి మొక్కారు.

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణానికి బిషప్పుగా ఉన్న అగస్టీను, నాలుగవ శతాబ్దం ముగిసేవేళ రాసిన తన ఆత్మకథ పదవ భాగంలో ఇటువంటి ఘట్టమే ఒకటి చెబుతాడు. నా దేవుడివి నువ్వేనా అని ఆయన భూమిని అడిగాడు, సముద్రాన్ని అడిగాడు, గాలిని, సూర్యచంద్రులను అడిగాడు. మేము కాము, మాకు పైగా వెతుకు అని అవన్నీ చెప్పాయి. అలాగైతే ఆయనను గూర్చి ఏమైనా చెప్పండి అని అడిగితే, మమ్మల్ని చేసింది ఆయనే అని గొంతెత్తి చెప్పాయి. ఆ తరువాత అగస్టీను అనే మాటే నాకు ప్రాణం: నేను వాటిని నిలకడగా చూడడమే నా ప్రశ్న, వాటి అందమే వాటి జవాబు. మల్లెలతీర్థం మెట్ల కింద మీకు జరిగింది ఇదేనని నా నమ్మకం. 1561లో నెదర్లాండ్స్ ప్రాంతపు సంస్కరణ సంఘాలవారు తమ విశ్వాస ప్రమాణాన్ని రాసుకున్నప్పుడు, ఈ లోకం మన కళ్లముందు తెరిచి ఉంచిన అందమైన పుస్తకమనీ, పెద్దవీ చిన్నవీ అయిన ప్రాణులన్నీ అందులోని అక్షరాలనీ దాని రెండవ అంశంలోనే చేర్చారు. అక్షరాలకు ఎవరూ దండం పెట్టరు, అలాగని చదవకుండా పుస్తకాన్ని మూసి అటక మీద పెట్టినా అది ఉన్నందుకు ఫలం లేదు.

మరి ఆ నెమ్మది దేవుని వలన కలిగిందా, లేక చల్లని గాలికి కలిగిన హాయి మాత్రమేనా అని మీకు సందేహం రావచ్చు. దానికి ఏలీయా కథలో ఒక గుర్తు ఉంది. ప్రాణభయంతో పారిపోయి, బదరీవృక్షం కింద పడుకుని, చావు కోరుకున్న ఆ ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర ఇచ్చాడు, రొట్టె ఇచ్చాడు, నీళ్లు ఇచ్చాడు. తరువాత హోరేబు కొండమీద పెనుగాలి, భూకంపం, అగ్ని దాటిపోయాక, నిమ్మళంగా మాటలాడే స్వరం వినిపించింది. ఆ స్వరం అతణ్ణి కొండమీదనే కూర్చోబెట్టలేదు. ఇక్కడ నీకేం పని అని అడిగి, వచ్చిన దారినే తిప్పి పంపి, చేయవలసిన పనులు అప్పగించింది. మీరు కూడా మల్లెలతీర్థం నుంచి తిరిగి వచ్చాక మీ అంగన్‌వాడీ పిల్లల ముక్కు తుడిచేటప్పుడు, బాలింతల వివరాలు రాసుకునేటప్పుడు ఆ నెమ్మదిలో కాస్తయినా మీ చేతుల్లో మిగిలిందా అని చూసుకోండి. మిగిలి ఉంటే ఇక భయపడవలసింది లేదు.

మీ ఉత్తరంలో నన్ను గుచ్చిన మాట ఇంకొకటి ఉంది, మందిరంలో ఎన్నడూ అంత నెమ్మదిగా ప్రార్థించలేదన్నారు. ఆ తప్పు మీది కాదు, మాది. మైకు, కీబోర్డు, ప్యాడ్స్, వాటి మీద మా కేక, ఇన్నింటి నడుమ ఒక మనిషి తన దేవునితో మెల్లగా మాట్లాడుకునే సందు మేము మిగల్చడం లేదు. ఆరాధనలో పది నిమిషాలు ఏ శబ్దమూ లేకుండా కూర్చోవాలని సేవకులందరినీ ఈ శీర్షిక ద్వారానే వేడుకుంటున్నాను.

ప్రశ్న: అయ్యగారూ, మాది మర్రిగూడ మండలం. మా అమ్మకు నలభై ఏళ్లు దాటీ దాటకముందే నడుము వంగిపోయింది. ఇప్పుడు మెడ కూడా బిగుసుకుపోయి, నేల చూస్తూనే నడుస్తుంది. ఫ్లోరైడ్ నీళ్ల వల్లనే ఇలా అయిందని డాక్టర్లు చెప్పారు. పోయిన ఆదివారం మందిరంలో 19వ కీర్తన చదివి, ‘ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి’ అని గంటసేపు ప్రసంగించారు. అమ్మ ఆడవాళ్ల వరుసలో తల వంచుకుని కూర్చుని ఉంది. ఆకాశం చూడలేని మనిషికి ఆకాశాలు ఏం వివరిస్తాయి? నీళ్లు కూడా దేవుని చేతిపనే కదా, ఆ నీళ్లలో నేను ఏ మహిమను చూడాలి?

జవాబు: సహోదరా, ఆ విషంలో మహిమను చూడమని బైబిల్ ఎక్కడా మిమ్మల్ని అడగలేదు. ఎవరైనా అలా చెబితే వారి మాట వినకండి.

పడుచు వయసులో నేను మీ పక్క మండలాల్లో సేవ చేశాను. ఒక పల్లెలో మీ అమ్మగారిలాంటి తల్లి ఉండేది. ప్రభువు బల్ల దగ్గర చిన్న గ్లాసులో ద్రాక్షారసం ఇస్తాం కదా, దాన్ని తాగాలంటే ఎవరైనా తల కాస్త వెనక్కి వాల్చాలి. ఆమెకు మెడ వాలదు. మొదటిసారి ఆ గ్లాసు ఆమె పెదవుల దగ్గరే ఆగిపోయి, రసమంతా గడ్డం మీదుగా చీర కొంగు మీదికి కారింది. ఆమె సిగ్గుపడి ముఖం దాచుకోబోయింది, దాచుకోవడానికి కూడా మెడ తిరగలేదు. మరుసటి నెల నుంచి నేను ఆమె ముందు నేలమీద మోకాళ్లూని, కింది నుంచి చెంచాతో అందించేవాణ్ణి. అలా కూర్చుంటే తప్ప ఆమె కళ్లు నాకు కనిపించేవి కావు. ముప్పై ఏళ్లు గడిచినా ఆ కళ్లు నా ప్రసంగాలకు అడ్డు వస్తూనే ఉన్నాయి, రావాలి కూడా.

ఇక ఆ నీటి సంగతి. మన నేల కింద ఉన్నది గ్రానైట్. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న చోట, నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉన్న చోట, ఆ ఫ్లోరిన్ మెల్లగా ఫ్లోరైడ్‌గా నీటిలోకి దిగుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు తాగవచ్చునని మన దేశ ప్రమాణం చెబుతోంది. అది దాటిన నీటిని ఏళ్లకు ఏళ్లు తాగితే ముందు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి, తరువాత ఎముకల్లో, కీళ్లలో చేరి మనిషిని బిగించివేస్తుంది. చెరువులు పూడిపోనిచ్చి, ఊటబావులు ఎండిపోనిచ్చి, బోరు మీద బోరు ఇంకా లోతుకు దించింది మనుషులం. కాబట్టి మీ అమ్మగారి నడుములో రాయి పాత్ర ఉంది, కరువు పాత్ర ఉంది, మనుషుల అలక్ష్యం పాత్ర కూడా ఉంది. ఆమె పాపం పాత్ర మాత్రం లేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి పాపం చేసింది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీని కన్నవారూ కారని యేసు ప్రభువు చెప్పిన మాట యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. మీ ఊళ్లో ఇంకా ఎవరైనా ఇది శాపమని గుసగుసలాడుతుంటే ఆ అధ్యాయం చదివి వినిపించండి.

సృష్టి అంటే పూలు, పక్షులు, వెన్నెల అనుకుని ప్రసంగించడం మా సేవకులకు అలవాటైపోయింది. పౌలు అలా రాయలేదు. రోమా పత్రిక 8వ అధ్యాయంలో సృష్టి యావత్తు మూలుగుతూ ప్రసవవేదన పడుతున్నదని రాశాడు. ఆ తరువాతి వచనంలో, ఆత్మయొక్క ప్రథమ ఫలములు పొందిన మనం కూడా లోలోపల మూలుగుతున్నామన్నాడు. ఇంకొంచెం ముందుకు వెళ్లి, ‘ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో’ ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడన్నాడు. నేల మూలుగు, మనిషి మూలుగు, దేవుని ఆత్మ మూలుగు, ఈ మూడింటినీ ఒకే పేరాలో పక్కపక్కన ఉంచాడు. మీ మండలపు నేలలో దేవుణ్ణి వెతకవలసిన చోటు నాకు అక్కడ కనిపిస్తోంది. మీ అమ్మగారు రాత్రి పక్క తిరగలేక మూలిగినప్పుడు, ఆ మూలుగు దేవునికి బయట ఎక్కడో ఉన్న చప్పుడు కాదు, ఆయన ఆత్మ ఆ మూలుగులోనే ఉండి ప్రార్థిస్తున్నాడు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో పద్దెనిమిది ఏళ్లుగా నడుము వంగి, ఎంతమాత్రమూ నిటారుగా నిలబడలేని స్త్రీ ఒకతె సమాజమందిరానికి వస్తుంది. ఆమె ప్రభువును చూసిందని అక్కడ రాయలేదు, ఆమె చూడగలిగేది నేలనే. ప్రభువే ఆమెను చూశాడు, దగ్గరకు పిలిచాడు, చేతులుంచాడు, అబ్రాహాము కుమార్తె అన్నాడు. మీ అమ్మగారి ఎముకలు రేపే చక్కబడతాయని నేను మాట ఇవ్వలేను, అటువంటి మాట ఇచ్చి కానుకలు పట్టే సభలకు ఆమెను తీసుకువెళ్లవద్దని బతిమాలుకుంటున్నాను. ఆమెను ముందుగా చూసింది ప్రభువే అన్న సంగతి మాత్రం నిశ్చయంగా చెప్పగలను.

రాజుల రెండవ గ్రంథం రెండవ అధ్యాయంలో యెరికో పట్టణస్థులు ఎలీషా దగ్గరకు వచ్చి, ఊరు ఉన్న చోటు రమ్యమైనదే గాని ‘నీళ్లు మంచివి కావు’, అందుచేత భూమి నిస్సారంగా ఉంది అని మొరపెట్టుకున్నారు. అది చదివిన ప్రతిసారీ అక్కడ మర్రిగూడవాళ్లు నిలబడి ఉన్నట్లు అనిపిస్తుంది. ఎలీషా వారికి ప్రకృతి సౌందర్యం మీద ప్రసంగం చేయలేదు. కొత్త పాత్రలో ఉప్పు తెమ్మన్నాడు, నేరుగా ఊట దగ్గరకు వెళ్లాడు, ఊటలోనే ఉప్పు వేశాడు. మన జిల్లా పేరు కూడా ఇటువంటి పనితోనే దూరదేశాలకు తెలిసింది. 1970వ దశకంలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతి ఒకటి రూపొందించారు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు తగిన పాళ్లలో కలిపి, ముందు వేగంగా, తరువాత నెమ్మదిగా తిప్పితే తెల్లని తరకలు ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని వేరుచేసుకుని వాడుకోవాలి. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దేశాలవారు కూడా దాన్ని ప్రయత్నించారు. నదులనుంచి శుద్ధిచేసిన నీరు మిషన్ భగీరథ పైపుల్లో వస్తున్న ఇప్పటి రోజుల్లో ఆ పద్ధతి అవసరం తగ్గింది. అయినా ప్రవక్త చేతిలోని ఉప్పునూ, ప్రయోగశాలలోని పటికనూ నేను ఒకే వరుసలో పెట్టి దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. ప్రార్థన ఒక పక్క, పరిశోధన ఒక పక్క అని వేరుచేసే అలవాటు నాకు లేదు.

కాబట్టి మీ సంఘం ఈ పని చేయాలని నా విన్నపం. కుళాయి ఆగిన రోజుల్లో జనం మళ్లీ పాత బోరు దగ్గరకే పోతారు. మీ ఊరి బోర్లన్నింటి నీటినీ పరీక్ష చేయించి, తాగకూడని బోరుకు ఎర్రరంగు వేయించండి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. కాచితే పోదు, నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. మందిరం కప్పు మీద పడే వాననీటిని తొట్టిలోకి మళ్లిస్తే, మూతపెట్టి శుభ్రంగా ఉంచుకుంటే, ఆ నీటిలో ఫ్లోరైడ్ బాధ ఉండదు. 19వ కీర్తన మీద మీ సంఘం చేయగల మంచి వ్యాఖ్యానం ఆ తొట్టే అని నా అభిప్రాయం.

చివరగా, అమ్మకు ఆకాశం ఏం వివరిస్తుందని నన్ను అడిగారు గాని, అమ్మను అడిగారా? నేను చెప్పిన ఆ తల్లి, తొలకరి పడిన మర్నాడు చెలకలో ఎర్రని ముఖమలు గుడ్డ చుట్టినట్టుండే ఆరుద్ర పురుగును ఊరందరికంటే ముందు తనే చూసేది. వచ్చి మాకు చెప్పేది. ఆమె బాధకు అది సరితూగుతుందని చెప్పడానికి రాయడం లేదు, సరితూగదు. నిటారుగా నడిచే నేను పదేళ్లు ఆ చెలకలోనే తిరిగి ఒక్కసారి కూడా దాన్ని ముందుగా చూడలేదు గనుక రాస్తున్నాను. మీ అమ్మగారు నేలలో ఏం చూస్తున్నారో అడిగి తెలుసుకోండి. ఆమె ఇష్టపడితే ఒక ఆదివారం ఆమె చేతనే సాక్ష్యం చెప్పించండి, మైకు ఆమె నోటికి అందేంత కిందికి దించి.

ప్రశ్న: నేను నల్లగొండలో ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. బతుకమ్మ రోజుల్లో నా స్నేహితురాళ్లు తంగేడు పూల కోసం ఊరి బయటికి వెళుతుంటే నేనూ వెళ్లాలనుకుంటాను. మా ఇంట్లో ఆ పువ్వును ముట్టుకోనివ్వరు, అది వేరే దేవతది అంటారు. నాకు మాత్రం ఆ పువ్వును చూస్తే యేసయ్య చెప్పిన అడవిపువ్వులే గుర్తుకు వస్తాయి. ఇది తప్పుడు ఆలోచనా?

జవాబు: తల్లీ, చాలా మంచి ఆలోచన. ‘అడవి పువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి’ అని ప్రభువు గలిలయ కొండమీద చెప్పినప్పుడు అక్కడివారి కళ్లముందు వారి నేలలో పూసిన పూలు ఉన్నాయి. మన కళ్లముందు ఉన్నది తంగేడు. దాన్ని ఎవరూ విత్తరు, ఎవరూ నీరు పెట్టరు, మేకలు కూడా అంతగా ముట్టవు. పంట పండని రాళ్ల చెలకలో, రోడ్డు పక్క గుట్టలో బంగారంలా పూస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

ఈసారి ఒక కొమ్మను దగ్గరగా పట్టుకుని చూడు. అయిదు పసుపు రేకుల అంచులు కొద్దిగా ముడతలు పడి ఉంటాయి. నడుమ ఉన్న పది కేసరాలు ఒకే తీరున ఉండవు. కింది మూడు పొడవుగా వంగి ఉంటాయి, పైవి చిన్నవిగా ముడుచుకుని ఉంటాయి. ఆకు కాడ మొదట్లో చెవితమ్మెలాంటి గుండ్రని చిన్న ఆకులు రెండు కనిపిస్తాయి. శాస్త్రజ్ఞులు ఈ మొక్కకు పెట్టిన లాటిన్ పేరులో చెవులు గలది అనే అర్థం ఉన్నది వాటి వల్లనే. వినుటకు చెవులుగలవాడు వినునుగాక అని బోధించిన ప్రభువు, తన పేరు ఎన్నడూ చెప్పుకోని ఒక గుట్ట మొక్కకు చెవులు పెట్టి ఉంచాడని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

మీ ఇంటివారు మరిచిపోయిన సంగతి ఇంకొకటి ఉంది. మా తాత తోళ్లు ఊనేవాడు. వాడ చివర లందలో, తంగేడు చెక్క దంచి వేసిన నీళ్లలో తోళ్లు నానేవి. ఆ వాసనకే మమ్మల్ని ఊరు దూరంగా ఉంచింది. ఆ చెక్కతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగింది, నేను బడికి వెళ్లాను. అపొస్తలుల కార్యాల్లో పేతురు యొప్పే పట్టణంలో సీమోను అనే చర్మకారుని ఇంట్లో చాలా రోజులు ఉన్నాడని రాసి ఉంది. ఆ పని చేసేవారిని యూదులు కూడా దూరంగానే ఉంచేవారు. ఆ ఇంటి మిద్దె మీదనే పేతురుకు దర్శనం కలిగింది, ‘దేవుడు పవిత్రము చేసినవి నీవు నిషిద్ధమైనవిగా ఎంచవద్దు’ అన్న మాట అక్కడే వినిపించింది. తంగేడును నిషిద్ధం అనే ముందు మన పెద్దలు ఆ మిద్దె ఎవరి ఇంటిదో గుర్తుచేసుకోవాలి.

బతుకమ్మ ఆటలో పాల్గొనడం, ఆ పాటలు పాడడం వేరే ప్రశ్న. పూజకు సంబంధించిన చోట బలహీనుల మనస్సాక్షిని గాయపరచవద్దని పౌలు కొరింథీయులకు రాశాడు. అది నువ్వు అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి, ఇక్కడి నుంచి నేను తీర్పు చెప్పను. నీ స్నేహితురాళ్ల భక్తిని చులకన చేసే మాట మాత్రం ఎన్నడూ అనకు. పువ్వు ఎవరి సొత్తూ కాదు. ఒక కొమ్మ తెచ్చి, నీ బైబిల్ పక్కన నీళ్ల గ్లాసులో పెట్టుకుని, మత్తయి ఆరవ అధ్యాయం చదువుకో.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా సంఘపు సండే స్కూల్ చూసుకుంటున్నాను. పిల్లలకు సృష్టి పాఠం ఎప్పుడూ బొమ్మల చార్టుతోనే చెబుతున్నాం. వేరే మార్గం చెప్పగలరా?

జవాబు: చార్టు చుట్టి పక్కన పెట్టి, పిల్లలను పిల్లలమర్రికి తీసుకువెళ్లండి. మీ ఊరి పక్కనే సుమారు ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే మర్రి ఉండగా కాగితం మీద చెట్టు గీసి చూపడం ఎందుకు? లోపలికి ఎంతవరకు వెళ్లనిస్తారో ముందే కనుక్కోండి, ఊడలు పట్టుకుని ఊగవద్దని పిల్లలకు చెప్పండి. 2017 చివరలో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు చెట్టును లోపలి నుంచి తొలిచేశాయి. మరుసటి ఏడు అటవీ సిబ్బంది, ఉద్యాన నిపుణులు కలిసి, ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లే, మందు కలిపిన సీసాలను వందలకొద్దీ కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మల కింద సిమెంటు స్తంభాలు నిలబెట్టారు. ఆదికాండం రెండవ అధ్యాయంలో దేవుడు నరుణ్ణి తోటలో ‘సేద్యపరచుటకును దాని కాచుటకును’ ఉంచాడన్న మాటకు ఇంతకంటే మంచి పాఠ్యోపకరణం నాకు తెలియదు. ఆ స్తంభాలను, కొత్తగా దిగిన ఊడలను పిల్లల చేత లెక్కపెట్టించండి.

రాలిన మర్రిపండు ఒకటి తీసి చేతిలోనే విప్పి చూపించండి. లోపలి గింజ ఆవగింజకంటే చిన్నది. ఆవగింజ ఉపమానం అప్పుడు చదవండి, ముందే చదవవద్దు. పైన కొమ్మల్లో ఏ పక్షులు ఉన్నాయో, వాటిని మీ ఇళ్లలో ఏ పేరుతో పిలుస్తారో పిల్లలనే చెప్పనివ్వండి, ఎవరి అవ్వ ఏ పేరు చెప్పిందో అదే రాయించండి. ప్రసంగం చేయవలసిన పని లేదు. వెళ్లేటప్పుడు రెండు గోనెసంచులు వెంట తీసుకువెళ్లి, బయట దారిపక్క పడి ఉన్న ప్లాస్టిక్ సీసాలూ కవర్లూ ఏరించుకుని రండి. పెద్ద పిల్లల్లో ఎవరైనా మేము ఏరడమేమిటని అడిగితే, ముందు మీరే వంగి ఒకటి ఏరండి.